కూర్చుని ‘వద్దు’ చెప్పే దవాఖాన

ఈ ప్రయాణంలో రెండో రోజు పొద్దున్న, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇడ్లీ తింటూ, నేనొక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. చేతిలో స్టెతస్కోపు లేదు, మందుల చీటీ లేదు. నోరొక్కటే ఉంది. అది చాలింది.

హైదరాబాద్ తూర్పు వైపు నాలుగు రోజులు తిరిగొచ్చావు కదా, ఏం చూశావో రాయమని మిత్రులు అడిగారు. చూసినవాటిలో గొప్పగా చెప్పుకోదగ్గవి చాలా ఉన్నాయి. కానీ ఆ పొద్దుటి సంగతి పక్కన పెట్టి మిగతాది రాస్తే, నేను చూసిన గొప్పతనం ఎవరిదో పాఠకులకు తెలియదు. నాది మాత్రం కాదు.

అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక

మాది తాడేపల్లిగూడెం. అక్కడ నాకొక చిన్న నర్సింగ్ హోమ్ ఉంది. జ్వరమని వచ్చినవాళ్లకు యాంటీబయాటిక్ రాయకుండా పంపిన రోజులు నా అనుభవంలో తక్కువ. అవసరమై రాసినవి కొన్ని. రాయకపోతే పేషెంటు ఇంకో ఆసుపత్రికి పోతాడని రాసినవే ఎక్కువ. ఈమధ్య మా దగ్గర మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో చేరిన ఒక పెద్దాయనకు ల్యాబ్ రిపోర్టు వస్తే, నేను రోజూ రాసే మందుల్లో ఒక్కటీ ఆ క్రిమి మీద పనిచేయదని తేలింది. ఆ రిపోర్టు పట్టుకుని డాక్టర్ నస్రీన్‌కు ఫోన్ చేశాను.

నస్రీన్ పీజీలో నాకు జూనియర్. మలక్‌పేట అమ్మాయి. ఇప్పుడు ఎల్బీ నగర్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఆసుపత్రి పేరు రాయను. యాంటీబయాటిక్స్ వాడకాన్ని అక్కడ దారికి తెచ్చారని విన్నాను. “చెప్తే అర్థం గాదు సార్, వచ్చి చూడుండ్రి” అంది.

అబ్దుల్లాపూర్‌మెట్ దాటేదాకా మెలకువగానే ఉన్నాను. అక్కడి నుంచి హైవేకు రెండు పక్కలా వెంచర్ల బోర్డులు, పెళ్లి హాళ్లు, బిర్యానీ హోటళ్లు మొదలయ్యాయి. అవి చూస్తూ కునుకు తీశాను. కండక్టరు “ఎల్బీ నగర్” అని ఎన్నిసార్లు అరిచాడో తెలియదు, నేను కళ్లు తెరిచేసరికి బస్సు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది. దిగిపోయి, ఎదురుగా కనిపించిన లాడ్జిలోనే గది తీసుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో నడవడం అంటే ఒకరి భుజం పట్టుకుని ఇంకొకరు నడిచినట్టే. ఒక మెట్ల వరుస ఎక్కితే హాస్టలు, పక్క మెట్లెక్కితే కోచింగ్ సెంటరు. కింద ఫుట్‌పాత్ మీద గాజులు, చెప్పులు, ఫోన్ కవర్లు. మా ఊళ్లో కొట్టువాడు “ఏం కావాలండి” అంటాడు. ఇక్కడ చెప్పులమ్మే ఆవిడ నా కాళ్లకేసి చూసి, “గా చెప్పులేసుకుని ఎంత దూరం పోతవన్నా?” అంది. సిగ్గేసి కొత్తవి కొనుక్కున్నాను. అవి మర్నాటికే కరిచాయి.

దిల్‌సుఖ్‌నగర్: నిలబడి తినే బల్ల

ఇక్కడి టిఫిన్ సెంటర్లలో కుర్చీలుండవు. ఛాతీ ఎత్తున స్టీలు బల్లలు, వాటి చుట్టూ నిలబడి తినే జనం. నలభై రూపాయల ఇడ్లీ ప్లేటు మీద పల్లీ చట్నీ వరదలా పోస్తారు. మా గూడెంలో అల్లం పచ్చడి లేని ఇడ్లీ ఇడ్లీయే కాదు. ఇక్కడ అడిగితే, “అల్లం చట్నీ పెసరట్టుకే సార్” అని నాకు నియమం నేర్పారు. నీళ్ల చట్నీ అనుకున్నాను గానీ, రెండోసారి వేయించుకున్నాను.

తింటూనే ఫోన్‌లో మా నర్సుతో మాట్లాడుతున్నాను. “జ్వరం తగ్గలేదా? అయితే యాంటీబయాటిక్ మార్చెయ్యమ్మా. ఇంకా పెద్దది పెట్టెయ్.” ఏం నేర్చుకోవడానికి వచ్చానో ఆ మాట అనేటప్పుడు నాకు గుర్తే లేదు.

అదే బల్లకు ఎదురుగా ఖాకీ చొక్కా వేసుకున్న ఒకతను దోసె తింటున్నాడు. నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగి, “సార్, మీరు డాక్టరా?” అన్నాడు.

“అవునండి.”

“పెద్ద డాక్టర్ లెక్కనే ఉన్నరు. జర ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి.”

పేరు జాకబ్. నల్లగొండ వైపు పల్లెటూరు. సరూర్‌నగర్ చెరువు దగ్గర కిరాయికుంటూ ఆటో నడుపుతున్నాడు. “మా అమ్మ దవాఖానల ఉన్నది సార్. అయిదు దినాల సంది జరం. గ్లూకోజు ఎక్కిస్తున్నరు, గోలీలు ఇస్తున్నరు. సూదిమందు అడిగితె వద్దంటున్నరు. గట్లుంటదా?”

ఇక్కడ నేను అడగాల్సినవి ఉన్నాయి. ఏ జ్వరమని చెప్పారు? రక్తపరీక్షలో ఏం వచ్చింది? హౌస్‌సర్జన్లకు కూడా తెలిసిన ప్రశ్నలవి. అవేవీ అడగలేదు. బల్ల చుట్టూ ఉన్న నలుగురూ నా వైపు తిరిగారు. ‘పెద్ద డాక్టర్’ అన్న మాట ఇడ్లీ కంటే రుచిగా ఉంది.

“అయిదు రోజుల జ్వరానికి యాంటీబయాటిక్ వెయ్యలేదా? అదేం వైద్యమండి! మా దగ్గరైతే వచ్చిన రోజే వేసేస్తాం.”

“నేనూ గదే అన్న సార్! మా ఇంటామె అంటది, డాక్టర్లకు తెల్వదా అని.”

“తెలిస్తే వెయ్యరూ?” అన్నాను.

జాకబ్ చెయ్యి కడుక్కుని, నాకు చాయ్ ఇప్పించి, నేను వద్దంటున్నా వినకుండా పైసలు తనే ఇచ్చి, ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. ఒక మనిషికి మేలు చేశానన్న తృప్తితో నేను చాయ్ తాగాను.

ఎల్బీ నగర్: పదకొండు గంటల చాయ్

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్‌కు మెట్రోలో కూర్చునేలోపే దిగాల్సొచ్చింది. స్టేషను మెట్లు దిగితే కింద రింగ్ రోడ్డు కూడలి. విజయవాడ బస్సులకు చేతులూపేవాళ్లు, సంచులతో పరుగెత్తేవాళ్లు, “హయత్‌నగర్, హయత్‌నగర్” అని గొంతు చించుకునే ఆటోవాళ్లు. మావైపు యాస ఒక చెవిలో, ఇక్కడి యాస ఇంకో చెవిలో పడుతుంటాయి.

ఆసుపత్రిలో నన్ను మొదట ఆకట్టుకున్నవి స్టూళ్లు. ప్రతి మంచం పక్కనా ఒకటి. వచ్చినవాళ్ల కోసమనుకుని ఒకదాని మీద కూర్చోబోయాను.

“అది డాక్టర్లది సార్,” అంది నస్రీన్ నవ్వుతూ. “మా దగ్గర ఒకటే కానూన్. యాంటీబయాటిక్ ఇస్తున్నమని నిలబడి చెప్పొచ్చు. ‘వద్దు’ అని చెప్పాలంటే మాత్రం కూర్చోవాలె.”

మొదట్లో పెద్ద మందులకు తాళం వేసి చూశారట. తాళంచెవి కోసం గొడవలయ్యాయి తప్ప వాడకం తగ్గలేదు. తర్వాత తాళం తీసేశారు. దానికి బదులు, రోజూ పదకొండింటికి డాక్టర్లందరూ ఒక గదిలో చాయ్‌కి కలుస్తారు. పెద్ద యాంటీబయాటిక్ రాసినవాళ్లు అది ఎందుకో, ఎప్పుడు ఆపుతారో నలుగురిలో చెప్పాలి. జవాబు లేకపోతే ఎవరూ తిట్టరు. ఉస్మానియా బిస్కెట్ ప్లేటు మాత్రం వాళ్ల ముందు ఆగదు.

ఆ చాయ్‌కి నన్నూ కూర్చోబెట్టారు. సర్జన్ మాధవరావు గారు మావైపు మనిషే, గుడివాడ. “ఏమయ్యా, హెర్నియా ఆపరేషన్‌కి కోత పెట్టేముందు ఒక్క డోసు చాలంటుందయ్యా ఈవిడ. ముప్పై ఏళ్ల పాటు ఒక్కొక్కరికి వారం రోజులు యాంటీబయాటిక్ పొడిచాను. మానేసిన మొదటి నెలంతా నాకు నిద్ర పట్టలేదనుకో.”

“మీకు నిద్ర పట్టనీకి మందు పేషెంట్‌కేసుడు ఏంది సార్?” అంది నస్రీన్.

గది గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్విందీ ఆయనే. “కుట్లు మాత్రం చక్కగా మానుతున్నాయి. ఒప్పుకోవాలి మరి,” అని బిస్కెట్ తీసుకున్నారు. ఆ వయసులో, తన జూనియర్ల ముందు, ముప్పై ఏళ్ల అలవాటు తప్పని అంత తేలిగ్గా చెప్పగలగడం నాకు పెద్ద విజయంగా కనిపించింది.

అప్పుడే డ్యూటీ డాక్టర్ శ్రావణ్ లోపలికొచ్చాడు. కొత్తగా చేరిన కుర్ర డాక్టరు. ముఖం వాడిపోయి ఉంది.

“మేడం, శాంతమ్మను తీస్కపోయిండ్రు. డెంగీ కేసు. నిన్న అరగంట కూసొని చెప్పిన, ఇది వైరస్, దీనికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు, జరం దిగేటప్పుడే డేంజర్ అని. కొడుకు మంచిగనే ఒప్పుకున్నడు. పొద్దున టిఫిన్ చేసొచ్చి ఒక్కటే లొల్లి. బయట ఎవరో పెద్ద డాక్టర్ చెప్పిండట, మాకు వైద్యం రాదని.”

“కొడుకు పేరేంటి?” అన్నాను.

“జాకబ్ సార్.”

చాయ్ కప్పు కింద పెట్టాను. “ఆ పెద్ద డాక్టరు నేనే.”

ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. నస్రీన్ అప్పటికే జాకబ్ నంబరుకు ఫోన్ చేస్తోంది. ఎత్తడం లేదు. “సార్, మీరు తర్వాత పరేషాన్ గావొచ్చు,” అంది. “ఆమెకు ఈ పొద్దే జరం దిగుతది. బీపీ పడితే ఇంట్ల ఎవరికి తెలుస్తది? శ్రావణ్, సార్‌ను తీస్కొని పో.”

సరూర్‌నగర్: నాకు దక్కిన పొగడ్త

ఆటోలో శ్రావణ్ జాకబ్ నంబరుకు మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. చెరువు గట్టు పక్కన దిగి, జాకబ్ ఆటో ఎక్కడుంటుందని ఆటో స్టాండులో అడిగాం. “చర్చి ఎనుక గల్లీల, నీలం గేటు” అన్నారు.

వెళ్లేసరికి ఆ ఇంట్లో పండగలా ఉంది. జాకబ్ నన్ను చూసి ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“దేవుడు పంపినట్టు వచ్చిన్రు సార్! మీరు చెప్పినట్టే ఇక్కడ క్లినిక్‌ల సూదిమందు ఏపించిన. గంటల జరం దిగింది! రాణీ, ఈయనే గా డాక్టర్ సారు. చాయ్ పెట్టు.”

రాణి అతని భార్య. చాయ్ పెట్టడానికి లేవలేదు. అత్త పక్కనే కూర్చుని కాళ్లు రుద్దుతోంది. “కాళ్లు సల్లగైతున్నయ్ సార్,” అంది.

మందు వల్ల కాదు, ఆ జ్వరానికి దిగే వేళ వచ్చింది కాబట్టి దిగింది. శాంతమ్మ చేతులు చల్లగా, తడిగా ఉన్నాయి. నాడి సన్నగా పరుగెడుతోంది. పొద్దుటి నుంచి రెండుసార్లు వాంతి, కడుపులో నొప్పి. సూది వేసిన చోట నల్లగా కమిలి గడ్డ కట్టింది. శ్రావణ్ బీపీ చూసి మిషను నా వైపు తిప్పాడు. పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా దాదాపు కరిగిపోయింది. ఇంకొన్ని గంటలాగితే ప్రాణం దక్కదని ఇద్దరికీ తెలుసు.

నాకప్పుడు ఒక తప్పుడు ఆలోచన వచ్చింది, రాయక తప్పదు. ‘ఇంజక్షన్ బాగా పనిచేసింది, ఇంకో డోసు ఆసుపత్రిలో వేయాలి’ అని అబద్ధమాడితే వెంటనే బయల్దేరతారు. నా పెద్దరికమూ నిలుస్తుంది. కానీ శ్రావణ్ పక్కనే ఉన్నాడు. నిన్న అరగంట స్టూలు మీద కూర్చుని అతను చెప్పిన నిజాన్ని నేను రెండోసారి చెరిపినట్టవుతుంది.

శాంతమ్మ చాప పక్కన నేల మీద కూర్చున్నాను.

“అమ్మా, పొద్దున మీవాడికి నేను చెప్పింది తప్పు. మీకొచ్చింది డెంగీ. ఆ సంగతి అడగకుండానే పెద్ద డాక్టరులా మాట్లాడాను. ఈ డాక్టర్ బాబు చెప్పిందే నిజం. జ్వరం దిగింది గానీ ఇప్పుడే అసలు ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.”

జాకబ్ నా మీదికొచ్చాడు. “పొద్దుగాల ఒకటి, మధ్యాన్నం ఒకటా? ఎవల మాట నమ్మాలె సార్ మేము? నీ నోటికి మా అమ్మ పానం ఆటయిందా?”

“తప్పు నాదేనండి. నన్ను తర్వాత తిట్టండి. ముందు ఆటో తియ్యండి.”

“గా దవాఖానోళ్లు నిన్ను పంపిండ్రు. బిల్లు కోసం!”

శ్రావణ్ కల్పించుకున్నాడు. “అన్నా, నిన్న నేను జరం దిగుతదని చెప్పిన్నా లేదా? దిగినంక ఏమైతదని చెప్పిన? కాళ్లు సల్లగైతయ్, కడుపుల నొస్తది, వాంతులైతయ్. మీ అమ్మను నువ్వే చూడు.”

జాకబ్ తల్లి కేసి చూశాడు. రాణి అంది, “నేను పొద్దుగాల్నే చెప్పిన గదా. ఇన్నవా?”

శాంతమ్మ కళ్లు మూసుకునే మాట్లాడింది. “ఒరే జాకోబూ, తప్పైందని కింద కూసొని చెప్తున్నడు. గిట్ల చెప్పిన డాక్టర్ను నేను చూడలే. లొల్లి బందు పెట్టు, నన్ను లేపు.”

మళ్లీ ఎల్బీ నగర్

జాకబ్ ఆటోలోనే వెళ్లాం. శాంతమ్మ తల రాణి ఒడిలో, పాదాలు నా ఒడిలో. ముందు సీట్లో జాకబ్ పక్కన శ్రావణ్ ఒరిగి కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నపు ట్రాఫిక్‌లో జాకబ్ సందుల్లోంచి ఎలా తీసుకెళ్లాడో చెప్పలేను. ఒకచోట ఫుట్‌పాత్ మీదుగా కూడా వెళ్లాం.

గేటు దగ్గర నస్రీన్ స్ట్రెచర్ పెట్టుకుని నిలబడి ఉంది. ఒక్క ప్రశ్న అడగలేదు. సెలైన్ కొలిచి కొలిచి ఎక్కించారు. తక్కువైతే బీపీ పడిపోతుంది, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. చాలా ఓపిక కావాల్సిన పని. మా దగ్గరైతే ఈపాటికి ‘ఎందుకైనా మంచిది’ అని రెండు యాంటీబయాటిక్స్ వేలాడుతుండేవి. ఇక్కడ ఒక్కటీ వేయలేదు. మనసులో ఆ భయం నాకూ ఉంది. అడగబోయి మానుకున్నాను.

సాయంత్రం శాంతమ్మ చేతులు వెచ్చబడ్డాయి. “బాత్రూంకు పోవాలె” అంది. ఆ మాటకు వార్డులో శ్రావణ్ చప్పట్లు కొట్టాడు. డాక్టర్లకు తప్ప ఎవరికీ అర్థంకాని సంబరమది. జాకబ్ బిత్తరపోయాడు.

“మూత్రం వస్తే గింత ఖుషీనా?”

“అవునన్నా. బీపీ నిలబడ్డదని గుర్తు. మీ అమ్మ గెలిచింది,” అన్నాడు శ్రావణ్.

మర్నాడు నా బస్సు టికెట్ రద్దు చేసుకున్నాను. పదకొండింటి చాయ్‌లో లేచి నిలబడి, జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. పేషెంటు వెళ్లిపోయేలా చేసింది శ్రావణ్ కాదని, నేనని, అతను చెప్పాల్సిందంతా చెప్పాడని, యాజమాన్యం మనిషి ఉండగానే అన్నాను. మాధవరావు గారు లేచొచ్చి బిస్కెట్ ప్లేటు నా ముందు పెట్టారు. “తీసుకోవయ్యా. అర్హత సంపాదించావు.”

ఆ రెండు రోజులూ వార్డులో తిరుగుతూ నేను గమనించినది ఒకటుంది. అక్కడ పేషెంట్ల బంధువులు మారిపోయారు. మా ఊళ్లో “ఇంకో ఇంజక్షన్ వెయ్యండి డాక్టర్ గారూ” అంటారు. ఇక్కడ న్యుమోనియాతో ఉన్న ఒక ముసలాయన కూతురు, “గీ మందు ఎప్పుడు బందు జేస్తరు మేడం?” అని నస్రీన్‌ను నిలదీసింది. నస్రీన్ తబ్బిబ్బవకుండా తేదీ చెప్పింది. అవసరమైనవాళ్లకు ఇక్కడ వెనకాడకుండా ఇస్తున్నారు. ల్యాబ్ రిపోర్టు రాగానే పెద్ద మందు ఆపి చిన్నదానికి దిగుతున్నారు. ఇదంతా యంత్రాలతో సాధించింది కాదు. స్టూలు మీద కూర్చునే ఓపికతో, ఒకరినొకరు మొహం మీద అడిగే చనువుతో సాధించింది.

నాలుగో రోజు శాంతమ్మ ప్లేట్‌లెట్లు పెరిగాయి. మంచం మీద ఒక పక్కకు ఒరిగి, రాణి తెచ్చిన సర్వపిండి తింటోంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకు అద్ది కాల్చిన రొట్టె. నాకూ ఒక ముక్క పెట్టింది. మా దిబ్బరొట్టెకు కారమెక్కువైన చెల్లెలిలా ఉంది.

“ఇక్కడ ఒక్క సూదిమందు లేకుంట మంచిగైన,” అంది శాంతమ్మ. “గా క్లినిక్‌ల ఏసిన సూదికే ఇంకా కూసోరాదు.”

జాకబ్ నన్ను గేటుదాకా సాగనంపాడు. అక్కడ ఆగి, “సార్, ఒక్కటి చెప్త ఏమనుకోకు. ఇగ నుంచి టిఫిన్ చేసేటప్పుడు టిఫినే చెయ్యి,” అన్నాడు. ఇద్దరం నవ్వాం. క్షమించాడని అనుకోను. నవ్వాడు, అంతే.

తాడేపల్లిగూడెం

ఇంటికొచ్చాక మంచానికొక స్టూలు వేయించాను. ఫోన్‌లో యాంటీబయాటిక్ మార్చమన్న ఆ పేషెంటు రిపోర్టులన్నీ ముందేసుకుని చూశాను. మందు అవసరం లేదు. ఆపేశాను. అది తేలికైన పని.

కష్టమైనది ఆ ఆదివారం చేశాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి నాకు పేషెంట్లను పంపే ఆర్‌ఎంపీలను భోజనానికి పిలిచాను. వాళ్లు మందులు వేయడం నేర్చుకున్నది నన్ను చూసే. నా చీటీలే వాళ్ల పాఠాలు. కోడికూర, పులావు అయ్యాక, శాంతమ్మ కథ మొత్తం చెప్పాను. పెద్ద డాక్టరు అనిపించుకోవాలన్న ఆశతో ఒకావిడను చావు అంచుదాకా తీసుకెళ్లానని ఆ మాటల్లోనే చెప్పాను. ఇకమీదట నా దగ్గర అవసరం లేని యాంటీబయాటిక్ వేయనని, వాళ్లనూ వేయొద్దని అడిగాను.

అందరిలో పెద్దాయన సత్యం గారు గొంతు సవరించుకున్నారు.

“బాగానే ఉందండి డాక్టర్ గారూ. మరి ఇంజక్షన్ వెయ్యలేదని పేషెంటు లేచి ఇంకోచోటికి పోతేనో?”

“మళ్లీ వాళ్లింటికెళ్లి పిలుస్తానండి.”

“మీరా? ఇంటికా?” ఆయన నవ్వారు.

గురువారం ఒకాయన వైరల్ జ్వరంతో ఉన్న తన కూతురిని అలాగే తీసుకుపోయాడు. సాయంత్రం ఓపీ ముగించుకుని, అడ్రసు కనుక్కుని, స్కూటర్ మీద వాళ్లింటికెళ్లాను. చూద్దామని వచ్చిన సత్యం గారు, నేను వద్దన్నా వినకుండా వెనకెక్కారు. ఆ తండ్రి అరుగు మీద మాకు కుర్చీలు వేయించాడు. నేను కూర్చుని, మొదటి నుంచి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను.